ప్రామాణిక పాదచారి

మా సౌశీల్య నగర్‌లో తాగుబోతులు లేరు. ఇది నా సొంత మాట కాదు, మా కాలనీ సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా చేసిన తీర్మానం. ప్రతిపాదించింది అధ్యక్షులు కలిశెట్టి భానోజీరావు గారు, బలపరిచింది సంయుక్త కార్యదర్శినైన నేను. సమావేశం సాయంత్రం పెడితే కోరం రాదని పొద్దున్నే పెట్టాం. సాయంత్రాలు మా సభ్యుల్లో చాలామందికి వేరే పనులుంటాయి.

ఆ పనులేమిటని నేను ఎవర్నీ అడగలేదు. మా మెయిన్ రోడ్డు మీద దేవుడుబాబు వైన్ షాపు ఉంది. దీపాలు పెట్టిన తర్వాత అక్కడికి కొందరు హెల్మెట్లు తియ్యకుండా వస్తారు. హెల్మెట్ తియ్యని మనిషి ఏ కాలనీవాడో చెప్పడం కష్టం. స్కూటర్లు మాత్రం మా కాలనీవే. వాటిని ఎవరో అడిగి పట్టుకెళుతుంటారని మా సంఘం అభిప్రాయం.

షాపు వల్ల మాకు ఏనాడూ ఇబ్బంది లేదు. వినాయక చవితి పందిరికి అందరికంటే పెద్ద చందా దేవుడుబాబుదే. ఇబ్బందంతా డాక్టర్ సుభాషిణి గారి ‘వేకువ’ వ్యసన విముక్తి కేంద్రంతో వచ్చింది. ఆవిడ వెనక వీధిలో పదిహేను మంచాలతో దాన్ని నడుపుతున్నారు. వెనక వీధిలో ఉన్నంతకాలం మేమెవరం దాన్ని చూడలేదు కనక అది లేనట్టే. అలాంటిది ఒకరోజు పొద్దున్న మెయిన్ రోడ్డు వైపు ఖాళీ స్థలంలో బోర్డు లేచింది. ముప్పై పడకల కొత్త భవనం కడతారట, గేటు మెయిన్ రోడ్డుకే పెడతారట.

భానోజీరావు గారు ఆ బోర్డు చదివి మా ఇంటికి వచ్చేసరికి ఆయన బీపీ ఆయన మొహంలోనే కనిపిస్తోంది. డిప్యూటీ తహశీల్దారుగా రిటైరైన మనిషి, బోర్డుల సంగతి ఆయనకి బాగా తెలుసు.

“పట్నాయక్ గారూ, రేపు మన పిల్లల్ని చూసుకోడానికి పెళ్ళివారొస్తారు. ఆటోవాడికి ఏం గుర్తు చెబుతామండీ? తాగుబోతుల ఆసుపత్రి పక్క సందు అనా?”

“ఇప్పుడేం చెబుతున్నామండీ?”

“వైన్ షాపు పక్క సందు అని. అది మర్యాదగా ఉంది కదా!”

నాకూ మర్యాదగానే అనిపించింది. మధ్యాహ్నానికి అత్యవసర సమావేశం పెట్టాం. ఎవరికి తోచిన అభ్యంతరం వాళ్ళు చెప్పారు. స్థలాల రేట్లు పడిపోతాయన్నారొకరు. మా కోశాధికారి లేచి, “తాగేవాడు మన వీధిలోంచి వెళితే ఫర్వాలేదండీ, పిల్లలకి అలవాటే. మానేసినవాడు వెళితేనే చిక్కు. ‘ఆయనేం మానేశాడు నాన్నా, నువ్వెప్పుడు మానేస్తావు?’ అని అడుగుతారు. ఏం చెప్పమంటారు?” అన్నాడు. ఆ అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయకుండా వదిలేశాం.

సోమవారం మునిసిపల్ ఆఫీసులో గ్రీవెన్స్‌కి వెళ్ళాం. కమిషనర్ గారు, ఎక్సైజ్ సూపరింటెండెంట్ గారు పక్కపక్కనే కూర్చున్నారు. డాక్టర్ సుభాషిణి గారు ఒక మూల, దేవుడుబాబు ఇంకో మూల ఉన్నారు. భానోజీరావు గారు తన బ్రహ్మాస్త్రం బయటికి తీశారు.

“ఆసుపత్రికి వంద మీటర్ల లోపు మద్యం షాపు ఉండకూడదని రూలుంది సార్. కాబట్టి ఆ ఆసుపత్రి కట్టడానికి అనుమతి ఇవ్వకూడదు.”

“రూలు షాపుకి కదండీ చెప్పింది?” అన్నారు డాక్టర్ గారు.

“మొగుడు పెళ్ళాం పక్కన కూర్చోకూడదంటే, పెళ్ళాం మొగుడి పక్కన కూర్చోవచ్చనా అమ్మా అర్థం? షాపు ముందొచ్చింది. వెనకొచ్చింది సర్దుకోవాలి.”

“షాపునే ఇంకో చోటికి జరపొచ్చుగా?”

హాల్లో అందరూ ఆవిడ వైపు తిరిగి చూశారు, అనరాని మాటేదో అన్నట్టు. సూపరింటెండెంట్ గారు మంచినీళ్ళు తాగి, “అమ్మా, తమరు మంచాలు పెంచుతున్నది మా షాపుల మీద నమ్మకంతోనే కదా. ఆ నమ్మకాన్ని తమరే వమ్ము చేస్తే ఎలా?” అన్నారు.

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. “ఇరుపక్షాల విన్నపాలను సానుకూల దృక్పథంతో పరిశీలించడమైనది. క్షేత్రస్థాయిలో దూరము కొలిచిన అనంతరం తదుపరి చర్యలు గైకొనబడును” అన్నారు. మనిషి మాట్లాడాడో నోటీసు బోర్డు మాట్లాడిందో నాకు తెలియలేదు.

మర్నాడు సాయంత్రం అధికారులిద్దరి ఎదుట కొలత. షాపు గుమ్మం దగ్గర మునిసిపల్ సర్వేయరు టేపు ఒక కొస పట్టుకున్నాడు, కాలనీ తరఫున రెండో కొస నేను పట్టుకున్నాను. కొత్త భవనం గేటు రాబోయే చోటికి ముప్పై ఎనిమిది మీటర్లు వచ్చింది. భానోజీరావు గారు నా భుజం తట్టారు. కేంద్రం పని అయిపోయిందనుకున్నాం.

కానీ సూపరింటెండెంట్ గారి మొహం నల్లబడింది. నాకు మొదట అర్థం కాలేదు, ఆయనే విడమరిచి చెప్పారు. ముప్పై ఎనిమిది అనే అంకె ఫైల్లో పడితే, ఇవాళ ఆసుపత్రికి అనుమతి ఆగుతుంది, నిజమే. రేపు ఎవడో ఆ అంకె పట్టుకుని కోర్టుకి వెళితే షాపుకే ఎసరొస్తుంది. ఎక్సైజు శాఖకి కావలసింది వంద దాటిన అంకె. వంద దాటితే ఆసుపత్రీ వస్తుంది, షాపూ ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి పోషించుకుంటాయి.

“కొలిచిన పద్ధతే తప్పు” అన్నారాయన రూలు పుస్తకం తెరిచి. “‘పాదచారి సాధారణంగా నడిచే మార్గం వెంబడి’ కొలవాలని ఉంది. ఈ సర్వేయరు సాధారణ పాదచారి కాడు. గుళ్ళోంచి బయల్దేరితే భక్తుడి నడక కొలవాలి. బళ్ళోంచి బయల్దేరితే పిల్లవాడి నడక కొలవాలి. ఈ గుమ్మంలోంచి బయల్దేరేవాడు సాధారణంగా ఎలా నడుస్తాడో ఆ నడకే కొలవాలి. అదే శాస్త్రీయం.”

సరిగ్గా అప్పుడే ఆ గుమ్మంలోంచి పైడిరాజు బయటికి వచ్చాడు.

జామి పైడిరాజు టైల్స్ మేస్త్రీ. మా హాల్లో టైల్స్ అతను వేసినవే. గోళీ వదిలితే వదిలిన చోటే ఉంటుంది. అలాంటి చెయ్యి వణకడం మొదలుపెట్టాక పిలిచేవాళ్ళు తగ్గారు, పిలిచేవాళ్ళు తగ్గాక తాగుడు పెరిగింది. అతని భార్య నూకరత్నం, షాపు దాటాక రోడ్డు వారన ఇడ్లీబండి పెట్టుకుని ఇల్లు నెట్టుకొస్తోంది. మొగుణ్ణి ఎన్నిసార్లు ‘వేకువ’కి తీసుకెళ్ళినా మంచం ఖాళీ లేదని తిప్పి పంపారు. ఖాళీ అవగానే మొదటి మంచం అతనిదేనని డాక్టర్ గారు మాట ఇచ్చారు.

“ఏమయ్యా, ఆ బోర్డు దాకా నడుస్తావా?” అన్నారు సూపరింటెండెంట్ గారు.

“అదెంత బాబూ, ఎంతసేపు!” అని బయల్దేరాడు పైడిరాజు. టేపు అతని వెనకాలే వెళ్ళింది. ముందు కరెంటు స్తంభానికి నమస్కారం పెట్టాడు. తర్వాత ఒక కుక్కతో ఏదో పాత తగువు తేల్చుకోడానికి రోడ్డు అవతలికి వెళ్ళాడు. చెప్పు జారిపోయిందని వెనక్కి వచ్చాడు, చెప్పు కాలికే ఉందని మళ్ళీ వెళ్ళాడు. కల్వర్టు మీద కూర్చుని కాసేపు కునుకు తీశాడు. కునుకు దూరం కిందికి రాదని కమిషనర్ గారు అక్కడికక్కడే రూలింగు ఇచ్చారు.

గేటు దగ్గరికి చేరేసరికి నూట పన్నెండు మీటర్లయింది. సూపరింటెండెంట్ గారు ఆనందంతో అతన్ని కావిలించుకోబోయి, వాసనకి ఆగిపోయారు.

“ఇది వాడి దూరమండీ, రోడ్డు దూరం కాదు!” అని భానోజీరావు గారు గోల పెట్టారు. కమిషనర్ గారు రెండు రోజుల్లో ఉత్తర్వు ఇచ్చారు. ఇది తాత్కాలిక కొలత. అభ్యంతరాలు విన్న తర్వాత తుది కొలత జరుగుతుంది. కొలిచే పరికరాన్ని మధ్యలో మార్చడం న్యాయం కాదు కనక తుది కొలతకీ పైడిరాజే నడవాలి. ఇందుమూలంగా అతను ‘ప్రామాణిక పాదచారి’గా గుర్తించబడ్డాడు. అంతవరకు అతని విషయంలో యథాతథ స్థితి కొనసాగాలి. అతనికి చికిత్స చేసి పరికరపు స్వభావాన్ని మార్చడం ఉల్లంఘన అవుతుంది.

ఆ ఉత్తర్వు వచ్చిన రోజే ‘వేకువ’లో ఒక మంచం ఖాళీ అయింది. నూకరత్నం మొగుడి బట్టలు మూట కట్టుకుని గేటు దాకా వచ్చింది. డాక్టర్ గారు ఉత్తర్వు కాగితం తెచ్చి ఆమెకి చదివి వినిపించారు. ఆ మంచం ఇంకొకరికి వెళ్ళింది. నూకరత్నం ఆ మూటతోనే మా అధ్యక్షుల ఇంటికి వచ్చింది.

“మంచం కాళీ లేదన్నన్నాళ్ళూ ఊరుకున్నాను బాబూ. ఇప్పుడు కాళీ అయితే, మా ఇంటాయన మనిసి కాడు టేపంట. టేపుకి మందిచ్చీకూడదంట. ఏటి బాబూ ఇది? నానెవలికి సెప్పుకోవాల?”

భానోజీరావు గారు ఆమెని ఓదార్చలేదు. కాసేపు అలాగే ఆమె వంక చూసి, ఒక్కసారిగా కుర్చీలోంచి లేచారు. నలభై ఏళ్ళు రెవెన్యూ శాఖలో పనిచేసిన బుర్ర అది.

“పట్నాయక్ గారూ! కేంద్రం రాకూడదంటే దూరం తగ్గాలి. దూరం తగ్గాలంటే వీడు తిన్నగా నడవాలి. తిన్నగా నడవాలంటే వీడు తాగుడు మానాలి. మనమే మాన్పిద్దాం!”

“మాన్పించడానికి వెనక వీధిలో కేంద్రం ఉంది కదండీ” అన్నాడు కోశాధికారి. అతన్ని అందరం కలిసి కూర్చోబెట్టాం.

“చికిత్స చెయ్యకూడదని కదా ఉత్తర్వు? మజ్జిగ చికిత్స కాదు. కబుర్లు చికిత్స కాదు. మన వరండాలో కూర్చోబెట్టుకోవడం చికిత్స కాదు” అన్నారు భానోజీరావు గారు.

ఆ విధంగా, వ్యసన విముక్తి కేంద్రాన్ని అడ్డుకోవడానికి సౌశీల్య నగర్ యావత్తూ వ్యసన విముక్తి కేంద్రమైంది. వంతులు వేసుకున్నాం. పైడిరాజుని సాయంత్రమయ్యేసరికి భానోజీరావు గారి వరండాలోకి తెచ్చి, చుట్టూ పదిమంది కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళం. మజ్జిగ ఒక ఇంటి నుంచి, ఉలవచారు ఒక ఇంటి నుంచి వచ్చేవి. అవతల దేవుడుబాబు కూడా ఊరుకోలేదు. ప్రభుత్వ పరికరం నిర్వహణ తన బాధ్యతని, రోజూ ఒక క్వార్టర్ సీసా ఉచితంగా పంపించేవాడు. యథాతథ స్థితి కోసం తప్ప తనకి వేరే ఉద్దేశం లేదని దాంతోపాటు కబురు కూడా పంపేవాడు. సీసాని మేం గేటు దగ్గరే స్వాధీనం చేసుకునేవాళ్ళం. స్వాధీనమైన సీసాలు తర్వాత ఏమయ్యాయో సంఘం రికార్డుల్లో లేదు.

మొదట్లో పైడిరాజు అవస్థ చూడలేకపోయాం. ఒళ్ళంతా చెమటలు పట్టేవి. గోడ మీద చీమలున్నాయని అరిచేవాడు, మేం చూస్తే చీమల్లేవు. మజ్జిగతో అయ్యే పని కాదని మాకు తెలిసొచ్చింది, భయమూ వేసింది. డాక్టర్ సుభాషిణి గారు ఎవరూ పిలవకుండానే సంచీ పట్టుకుని వచ్చేశారు.

“డాక్టరుగా వస్తే ఉల్లంఘన అవుతుందమ్మా” అన్నారు భానోజీరావు గారు, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“పలకరించడానికొచ్చాను” అన్నారావిడ.

పలకరింపులో భాగంగా సెలైను ఎక్కించారు, రెండు ఇంజక్షన్లు చేశారు, రాత్రంతా పక్కనే కూర్చున్నారు. తెల్లవారి కాఫీ ఇస్తూ భానోజీరావు గారు అడిగేశారు. “వీడు బాగుపడితే మీ భవనం రాదు కదమ్మా. మీకు నష్టం కాదూ?”

“నష్టమేనండీ” అని కాఫీ తాగి వెళ్ళిపోయారావిడ. ఆ తర్వాత రోజూ పలకరించడానికి వచ్చారు.

వంతుల మూలంగా మా సభ్యులు సాయంత్రాలు కదలడానికి వీల్లేకపోయింది. పైడిరాజుకి కాపలా కాస్తూ అతని ముందే తాగలేరు కదా. రెండు మూడు రోజులకి మా కోశాధికారికీ, ఇంకో నలుగురికీ చేతులు వణకడం మొదలైంది. చలి కాబోలనుకున్నాం. అప్పుడు రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలు. డాక్టర్ గారు వాళ్ళని కూడా ఏమీ అనకుండా పలకరించారు. అవతల దేవుడుబాబు బేరాలు పడిపోయాయని సూపరింటెండెంట్ గారి దగ్గర మొర పెట్టుకున్నాడట. ఏ కాలనీవాళ్ళు తగ్గారని ఆయన అడిగితే, “తెలీదు సార్, మొకాలు నానెప్పుడూ సూళ్ళేదు” అన్నాడట.

పైడిరాజు కాస్త తేరుకునేసరికి తుది కొలతకి తేదీ వచ్చింది. మేం సిద్ధంగా ఉన్నాం. కానీ నూకరత్నం నేరుగా కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళింది.

“మూఢంలో కొలతలేటి బాబూ? మూఢంలో ఎవలైనా నేల కొలిపిస్తారా?”

కమిషనర్ గారు సొంతింటి గృహప్రవేశమే మూఢమని ఆపుకుని ఉన్నారు. భానోజీరావు గారు మంచం జరపాలన్నా పంచాంగం చూసే మనిషి. “ప్రజల మనోభావాలను దృష్టిలో ఉంచుకొని” కొలత వాయిదా పడింది. మూఢం వెళ్ళేసరికి ఆషాఢం వచ్చింది, శూన్యమాసమని నూకరత్నం మళ్ళీ వాయిదా వేయించింది. ఆ తర్వాత బొబ్బిలి దగ్గర ఎవరో దాయాది పోయారని, మైలలో ప్రభుత్వ కొలత పనికిరాదని ఇంకో వాయిదా తెచ్చుకుంది. మాకు విసుగొచ్చింది. కాపలాలు కాసి కాసి మా సభ్యులు చిక్కిపోతున్నారు. ఒకరోజు నేనే ఇడ్లీబండి దగ్గరికి వెళ్ళాను.

“ఎందుకు నూకరత్నం ఈ వాయిదాలు? నీ మొగుడు తిన్నగా నడుస్తున్నాడు. కొలత అయిపోతే అందరికీ ఒక గోల వదులుతుంది కదా.”

ఆమె ఇడ్లీ పాత్ర మూత తీసి ఆవిరి పోనిచ్చింది.

“కొలిసీసినాక మజ్జిగట్టుకుని మీరొస్తారా బాబూ?”

నేను ఇడ్లీ ప్లేటు అందుకున్నాను.

“రారు. నాకు తెల్దా? కొలత అయిపోతే మీ పని అయిపోద్ది. ఆ సాయంత్రం నుంచి ఈడొక్కడే, ఎదురుగుండా ఆ షాపు. అందికే. ఎన్నాళ్ళు సాగితే అన్నాళ్ళు సాగనీండి. మీకు పున్నెం ఉంటాది.”

రెండు ఇడ్లీలు తిన్నాను. చట్నీ బాగుంది. ఆమె మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ సంగతి సంఘానికి నివేదించాలా వద్దా అని రోజంతా ఆలోచించి, నివేదించలేదు.

ఈలోగా పైడిరాజు భానోజీరావు గారి వరండాలో పగిలిన టైల్స్ తీసేసి కొత్తవి వేశాడు. మేం కుర్చీల్లో కూర్చుని చూస్తుంటే, దారం కట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కటీ సుత్తి పిడితో తట్టి దింపాడు. అయిపోయాక భానోజీరావు గారు మనవడి దగ్గర గోళీ తెచ్చి వదిలారు. అది కదల్లేదు. మా సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ పూట మాలో ఎవరికీ కేంద్రం సంగతి గుర్తు రాలేదని ఇప్పుడనిపిస్తుంది.

శ్రావణంలో ఇక వాయిదాకి దారి దొరకలేదు. కొలత రోజున మెయిన్ రోడ్డు మీద జాతరలా జనం చేరారు. కాలనీ తరఫున పైడిరాజుకి కొత్త ప్యాంటు, చొక్కా పెట్టాం. భానోజీరావు గారు అతనికి బొట్టు పెట్టి, “నిటారుగా నడు నాయనా, ఎటూ చూడకు” అని దీవించారు. నూకరత్నం శుభ్రంగా ఉతికిన చీర కట్టుకుని బండి దగ్గర నిలబడింది. వాయిదాలన్నీ అయిపోయాయి కనక ఆమెకిక ఒకటే ఆశ మిగిలిందని నాకు తెలుసు. తూలుతూంటే చూసిన ఈ జనమే, మొగుడు తిన్నగా నడవడం కూడా చూడాలి.

సూపరింటెండెంట్ గారు ఊపిరి పరీక్ష యంత్రం పైడిరాజు నోట్లో పెట్టించారు. సున్నా వచ్చింది. తట్టి, విదిలించి మళ్ళీ పెట్టించారు. మళ్ళీ సున్నాయే.

“పరికరం చెడగొట్టారు!” అని ఆయన కేకేశారు. “ఇది శాస్త్రీయ కొలతకి విఘాతం!”

దేవుడుబాబు వెంటనే ఒక సీసా, గ్లాసు తీసుకుని ముందుకొచ్చాడు. “యథాతథ స్థితికి తెచ్చీడానికి ఎంతోసేపు పట్టదు సార్.”

కమిషనర్ గారు ఆలోచనలో పడ్డారు. ఉత్తర్వు ప్రకారం చూస్తే దేవుడుబాబు మాటలో న్యాయం ఉంది. అప్పుడు డాక్టర్ సుభాషిణి గారు జనాన్ని తోసుకుంటూ వచ్చి గ్లాసుకీ పైడిరాజుకీ మధ్య నిలబడ్డారు.

“నా భవనం నాకొద్దు. రాసిస్తాను. ఇతనికి చుక్క పొయ్యడానికి వీల్లేదు.”

ఆవిడ వెనక, ఖాళీ స్థలం బోర్డు కింద, ఎవరో ఒకామె మొగుణ్ణి భుజానికి ఆనించుకుని నిలబడి ఉంది. పొద్దున్నే వచ్చి, మంచం లేదనిపించుకుని, ఎలా వెళ్ళాలో తెలియక అక్కడే ఉండిపోయినట్టుంది. మొగుడు ఆమె భుజం మీంచి జారిపోతుంటే ఎత్తి మళ్ళీ ఆనించుకుంటోంది. పైడిరాజు డాక్టర్ గారిని చూశాడు, ఆమెనీ చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు.

“మందక్కర్లేదు బాబూ. నడిసీస్తాను” అన్నాడు.

షాపు గుమ్మంలో నిలబడ్డాడు. నేను టేపు కొస పట్టుకుని అతని వెనకే ఉన్నాను. మొదటి అడుగు ఎడమకి వెళ్ళింది. రెండోది ఇంకా ఎడమకి వెళ్ళింది. కరెంటు స్తంభానికి వంగి నమస్కారం పెట్టాడు.

“అదేమిట్రా!” అన్నారు భానోజీరావు గారు.

పైడిరాజు రోడ్డు దాటి కుక్కని వెతుక్కుంటూ వెళ్ళాడు. కుక్క లేకపోతే దాని పేరు పెట్టి పిలిచాడు. తూలాడు, ఆగాడు, వెనక్కి వచ్చి దేవుడుబాబు గడ్డం పట్టుకుని బతిమాలాడు, మళ్ళీ బయల్దేరాడు. కల్వర్టు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. అంత చక్కగా తూలినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. టైల్స్ ఎంత జాగ్రత్తగా దింపుతాడో ఒక్కొక్క అడుగూ అంత జాగ్రత్తగా వంకరగా దింపాడు. పిల్లలు నవ్వారు, ఈలలు వేశారు. నేను బండి వైపు చూస్తే నూకరత్నం మొహం అవతలికి తిప్పేసుకుంది.

“నటిస్తున్నాడండీ! యంత్రం సున్నా చూపించింది!” అని భానోజీరావు గారు గుండెలు బాదుకున్నారు.

“నటన పాదచారి వ్యక్తిగత విషయం. రూలు నడకకే” అన్నారు సూపరింటెండెంట్ గారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

పైడిరాజు బోర్డు దగ్గర ఆగి, నా వైపు తిరిగి, నెమ్మదిగా అడిగాడు.

“ఎంతొచ్చింది బాబూ?”

“నూటా ఆరు.”

“సాల్తాదా?”

“చాలుతుంది” అన్నాను.

కమిషనర్ గారు అనుమతి మంజూరు చేసినట్టు అక్కడే ప్రకటించారు. మా కాలనీ ఓడిపోయింది. “విశ్వాసఘాతకుడు! రేపట్నుంచి మజ్జిగ బంద్!” అన్నారు భానోజీరావు గారు. వంతుల ఏర్పాటు రద్దయింది. ఇంకా దీపాలు పెట్టే వేళయినా కాలేదు, అప్పుడే మా సభ్యుల్లో కొందరు హెల్మెట్లు వెతుక్కుంటున్నారు.

జనం పల్చబడుతుండగా పైడిరాజు బోర్డు దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. చొక్కా సర్దుకున్నాడు. ఎటూ చూడకుండా, దారం కట్టినట్టు నడుచుకుంటూ బయల్దేరాడు.

“సార్, టేపు...” అన్నాడు సర్వేయరు.

“తిరుగు నడక రూలు పరిధిలోకి రాదు. చుట్టెయ్యండి” అన్నారు సూపరింటెండెంట్ గారు.

నేను టేపు చుట్టలేదు. ఆ కొస అలాగే పట్టుకుని నిలబడిపోయాను. నాకు ఏడుపొచ్చింది. సంయుక్త కార్యదర్శి ఏడవకూడదని మా బైలాలో ఎక్కడా లేదు. పైడిరాజు కల్వర్టు దాటాడు, స్తంభం దాటాడు. దేవుడుబాబు ఇంకా సీసాతో గుమ్మంలోనే ఉన్నాడు. పైడిరాజు ఆ గుమ్మం ముందునుంచే వెళ్ళాడు, తల తిప్పలేదు, అడుగు మార్చలేదు. ఇడ్లీబండి దగ్గరికి వెళ్ళి ఆగాడు.

“తిన్నగా నడిసినాను. ఎవలూ కొలవలేదు” అన్నాడు.

“నాను సూసినాను” అంది నూకరత్నం.